గేటు దగ్గరి పుస్తకం

మా నాన్న పెన్షన్ బకాయిల కోసం ఒక ప్రభుత్వ ఆఫీసు చుట్టూ తిరిగిన రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయిన వస్తువు ఒకటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద ఉండే రూళ్ల పుస్తకం. అట్ట ఊడిపోయి, అంచులు నలిగి, పురికొసతో కట్టిన పెన్నుతో ఉండేది. పేరు, ఊరు, ఎవరిని కలవాలి, ఏం పని, ఎన్ని గంటలకు వచ్చారు, సంతకం. నాన్న స్కూలు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆ గళ్లన్నీ ఒక్కటీ వదలకుండా గుండ్రటి అక్షరాలతో నింపేవారు. 'ఏం పని' అన్న గడి మరీ చిన్నది. అందులో పట్టక పక్క గడిలోకి కూడా రాసేవారు. నాలుగు నెలల్లో ఆ పుస్తకంలో ఆయన పేరు తొమ్మిదిసార్లు పడింది.

అందులో కనీసం ఐదుసార్లు ఒకతను మా కళ్ల ముందే లోపలికి వెళ్లాడు. బండికి స్టాండు వేసి, చంకలో చిన్న లెదర్ బ్యాగు పెట్టుకుని, వాచ్‌మన్‌ని పేరు పెట్టి పలకరించి నేరుగా మెట్లెక్కేవాడు. పుస్తకం వైపు చూసేవాడు కాదు. సంతకం పెట్టమని వాచ్‌మనూ అడిగేవాడు కాదు. ఏడోసారి వెళ్లినప్పుడు అతనే మా దగ్గరికొచ్చాడు. "మాస్టారూ, మీ ఫైలు ఆడిట్ అభ్యంతరంతో వెనక్కొచ్చి మూడో సీటు దగ్గర ఆగిపోయింది. సర్వీసు రిజిస్టర్‌లో ఒక ఇంక్రిమెంటు ఎంట్రీ కింద సంతకం లేదట. అది పెట్టిస్తే వారంలో కదులుతుంది" అన్నాడు. నాలుగు నెలలుగా ఆ ఆఫీసులో ఎవరూ మాకు చెప్పని మాట అది. నాన్న ఫైలు సంగతి నాన్నకు తెలియదు, అతనికి తెలుసు. ఆ తెలిసినదానికే అతను రేటు కట్టాడు. నాన్న ఒప్పుకోలేదు. ఆయనకు చెప్పకుండా నేను ఇచ్చాను. వారంలో ఫైలు కదిలింది. ఆ విషయం నాన్నకు చివరిదాకా చెప్పలేకపోయాను.

ఇలాంటిది మన దేశంలో ఇంటికొకటి ఉంటుంది. నేనిప్పుడు దాన్ని ఎత్తుకోవడానికి కారణం వేరు. 2010 నవంబరులో, ప్రభుత్వం దగ్గర కంపెనీల పనులు చూసిపెట్టే లాబీయిస్టు నీరా రాడియా ఫోన్ సంభాషణల టేపులు బయటికొచ్చినప్పుడు, టీవీలన్నీ 2జీ టెలికాం లైసెన్సుల పంపకంలో పోయాయన్న లక్షా డెబ్బై ఆరు వేల కోట్ల గురించి గొంతు చించుకుంటుంటే, నాకు మాత్రం ఆ రూళ్ల పుస్తకమే గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ కేసు గురించి ఏది చదివినా నా ఆలోచన అక్కడికే పోతుంది. ఎవరి పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది, ఎవరి పేరు ఎక్కదు?

కుర్రవాళ్లకు ఆ రోజులు తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను.

2007లో సెల్‌ఫోన్ వ్యాపారం బంగారు గని. కొత్త కంపెనీలు రంగంలోకి దిగాలంటే టెలికాం శాఖ నుంచి లైసెన్సు కావాలి, లైసెన్సుతో పాటు స్పెక్ట్రం, అంటే ఫోన్ సంకేతాలు నడిచే రేడియో తరంగాలు, వచ్చేది. ఎ. రాజా అప్పుడు ఆ శాఖ మంత్రి. 2007 అక్టోబరు 1 దాకా దరఖాస్తులు తీసుకుంటామని శాఖ ప్రకటించింది. 46 కంపెనీల నుంచి 575 దరఖాస్తులు వచ్చి పడ్డాయి. 2008 జనవరి 10న మధ్యాహ్నం ఒక పత్రికా ప్రకటన వెలువడింది. అక్టోబరు 1 దాకా వచ్చినవి కాదు, సెప్టెంబరు 25 లోపు వచ్చిన దరఖాస్తులనే చూస్తామన్నది దాని సారాంశం. ఆ తర్వాత కాసేపటికే మరో పిలుపు. కంపెనీల ప్రతినిధులు ఆ మధ్యాహ్నం మూడున్నరకల్లా ఢిల్లీలోని టెలికాం శాఖ ఆఫీసు సంచార్ భవన్‌కి వచ్చి లెటర్లు తీసుకోవాలి. 'ముందు వచ్చినవారికి ముందు' అన్న పాత నియమానికి ఆ రోజు కొత్త అర్థం వచ్చింది. ఎవరు ముందు దరఖాస్తు పెట్టారన్నది పోయి, ఎవరు ముందు షరతులన్నీ తీర్చి డబ్బు కట్టారన్నది లెక్కలోకి వచ్చింది. సంచార్ భవన్‌లో తోపులాట జరిగిందని పత్రికలు రాశాయి. వందల కోట్ల ఫీజులకు డిమాండ్ డ్రాఫ్టులు, బ్యాంకు గ్యారంటీలు పట్టుకుని నిలబడ్డవారు కొందరు, ఆ మాట అప్పుడే విని బ్యాంకులకు పరుగులు తీసినవారు కొందరు. కొన్ని కంపెనీల డీడీల మీద తేదీలు శాఖ ప్రకటన కంటే ముందువని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తర్వాత తన నివేదికలో రాసింది.

మొత్తం 122 లైసెన్సులు. దేశమంతటికీ కలిపి ఎంట్రీ ఫీజు 1,658 కోట్ల రూపాయలు. ఆ ధర 2001 నాటిది. ఏడేళ్లలో ఫోన్లు కొన్నవాళ్ల సంఖ్య ఎన్ని రెట్లయిందో మనకు తెలుసు, ధర మాత్రం అక్కడే ఉంది.

మా నాన్న ఫైలు మూడో సీటు దగ్గర ఉందని తెలిసిన మనిషి దగ్గర అమ్ముకోవడానికి ఏముందో గమనించండి. అతను సంతకం ఫోర్జరీ చేయలేదు. రూల్సు మార్చలేదు. మాకు రావలసినదే మాకు వచ్చింది. అతని దగ్గర ఉన్నది కబురు. ఏ కాగితం ఎక్కడుంది, ఎవరు ఆపారు, ఎవరికి చెప్తే కదులుతుంది. 2008 జనవరి 10న కూడా విలువంతా కబురుదే. గడువు తేదీ మారబోతోందన్న కబురు, ఆ మధ్యాహ్నం పిలుపు రాబోతోందన్న కబురు. అది ఎవరికి ముందే తెలిసింది, ఎలా తెలిసింది అన్నది కోర్టులో రుజువు కాలేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

నీరా రాడియా ఈ కథలోకి ఎలా వచ్చారంటే, ఆవిడ వైష్ణవి కార్పొరేట్ కమ్యూనికేషన్స్ అనే సంస్థ నడిపేవారు. టాటా గ్రూపు ఆవిడ క్లయింటు. ముకేశ్ అంబానీ రిలయన్స్ పనులు చూడటానికి న్యూకామ్ అని మరో సంస్థ ఉండేది. ట్రాయ్ చైర్మన్‌గా చేసి దిగిపోయిన ప్రదీప్ బైజల్ ఆవిడ గ్రూపులోని నోయసిస్ అనే కన్సల్టెన్సీలో చేరారు. టెలికాం రంగానికి నియమాలు చెప్పే సంస్థకు పెద్దగా ఉన్న మనిషి, టెలికాం కంపెనీల తరఫున పనిచేసే వ్యక్తి పక్కన వచ్చి కూర్చున్నారన్న మాట. చట్టప్రకారం అందులో తప్పేమీ లేకపోవచ్చు. నాకు మాత్రం టేపుల్లోని ఏ సంభాషణ కంటే ఈ ఒక్క సంగతే ఎక్కువ చెప్పింది.

2007 నవంబరులో ఆవిడ మీద ఆర్థిక మంత్రికి ఒక ఫిర్యాదు వెళ్లింది. తొమ్మిదేళ్లలో 300 కోట్ల వ్యాపారం కట్టుకున్నారని, ఇంకా పెద్ద పెద్ద ఆరోపణలు అందులో ఉన్నాయి. దాని మీద ఆదాయపన్ను శాఖ, హోంశాఖ అనుమతితో, 2008లోనూ 2009లోనూ కలిపి 180 రోజులు ఆవిడ ఫోన్లు విన్నది. 5,800కు పైగా సంభాషణలు రికార్డయ్యాయి. వాటిలో వందకు పైచిలుకు 2010 నవంబరులో ఓపెన్, ఔట్‌లుక్ పత్రికల చేతికి వచ్చి లోకానికి వినిపించాయి.

నేను ఆ రాత్రుళ్లు చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాటిని విన్నాను. ఎక్కడైనా సూట్‌కేసు మాట వస్తుందని, కోట్ల లెక్క వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. 2009 మే నెలలో కేంద్ర మంత్రివర్గం కూర్పు జరుగుతున్న రోజులవి. రాజా పార్టీ అయిన డీఎంకేకి ఏ శాఖలు, ఎవరికి ఏది, ఎవరితో ఎవరు మాట్లాడాలి, ఎవరికి కోపం వచ్చింది, ఎవరి మాట ఎవరికి చేరవేయాలి. రాజకీయ నాయకులు, పేరున్న జర్నలిస్టులు, పారిశ్రామికవేత్తలు అటువైపు. ఏ గొంతులోనూ భయం లేదు, గుసగుస లేదు. పెళ్లి భోజనాలకు వంటవాళ్లను మాట్లాడుతున్నంత మామూలుగా దేశానికి మంత్రులను మాట్లాడుతున్నారు. ఆ నెలాఖరుకి రాజా మళ్లీ టెలికాం మంత్రిగా ప్రమాణం చేశారు. రాడియా మాట వల్లే ఆయనకు ఆ శాఖ వచ్చిందని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. పొత్తు పార్టీల లెక్కలు వాటికి ఉంటాయి. కానీ ఒక టెలికాం కంపెనీ నుంచి ఫీజు తీసుకునే వ్యక్తి, టెలికాం మంత్రి ఎవరవుతారన్న చర్చలో అంత చనువుగా కూర్చున్నారు. మనం ఓటు వేసి వచ్చి వేలి మీద సిరా ఆరకముందే.

మన భాషలో దీనికి మంచి మాట ఉంది, పైరవీ. పారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. అసలు అర్థం వెంట నడవడం, ఒక పని వెంటబడి దాన్ని సాగించడం. కోర్టుల్లో కేసు నడిపించడాన్ని కూడా పైరవీ అనేవారు. అందులో మొదట చెడు అర్థం లేదు. ఈ మాట నాకెందుకు నచ్చుతుందంటే, అది అసలు చిక్కును దాచదు. ప్రభుత్వం దగ్గర పని ఉన్న ప్రతివాడూ ఆ పని వెంట నడవాల్సిందే. మిర్చి రైతులు ధర కోసం ఢిల్లీ వెళ్తారు, చేనేత సంఘాలు నూలు మీద పన్ను తీసేయమని మంత్రులను కలుస్తాయి, మందుల కంపెనీలూ వెళ్తాయి, సిమెంటు కంపెనీలూ వెళ్తాయి. తనకు నష్టం వస్తుందనుకున్న వాడు చట్టం చేసేవాడి దగ్గరకు వెళ్లి చెప్పుకోవడం ప్రజాస్వామ్యంలో హక్కు. ఆ హక్కును తీసేయమని నేను అడగడం లేదు. రైతు సంఘం వెళ్లినప్పుడు మెమొరాండం ఇస్తుంది, ఫొటో దిగుతుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. ఎవరు వెళ్లారో, ఏమడిగారో ఊరందరికీ తెలుసు. పెద్ద కంపెనీ వెళ్లినప్పుడు ఎందుకు తెలియదు? నా పేచీ అంతా అక్కడే.

ఇక కేసు ఏమైందో చూడండి. 2010 నవంబరులో కాగ్ నివేదిక పార్లమెంటుకు వచ్చింది. నష్టం 1,76,645 కోట్ల దాకా ఉండొచ్చని అంచనా. 2010లో జరిగిన 3జీ వేలం ధరలతో పోల్చి కట్టిన లెక్క అది. కాగ్ ఇచ్చిన అంచనాల్లో అన్నిటికన్నా పెద్దది. సీబీఐ తన ఛార్జిషీటులో చెప్పింది 30,984 కోట్లు. రాజా రాజీనామా చేశారు, 2011 ఫిబ్రవరి 2న అరెస్టయ్యారు. సరిగ్గా ఏడాదికి, 2012 ఫిబ్రవరి 2న, సుప్రీంకోర్టు 122 లైసెన్సులనూ రద్దు చేసింది. వాటి కేటాయింపు ఏకపక్షం, రాజ్యాంగ విరుద్ధం అంది. 2017 డిసెంబరు 21న ప్రత్యేక న్యాయస్థానం జడ్జి ఓ.పి. సైనీ నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేశారు. 1,500 పేజీలకు మించిన తీర్పులో ఆయన రాసిన ఒక మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఏడేళ్లపాటు, వేసవి సెలవుల్లో కూడా, పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా కోర్టులో కూర్చుని, చట్టానికి నిలిచే సాక్ష్యం ఎవరైనా తెస్తారేమోనని ఎదురుచూశానని, ఎవరూ రాలేదని ఆయన అన్నారు. జనం నోట నలిగేది కోర్టులో సాక్ష్యం కాదని కూడా చెప్పారు. సీబీఐ అప్పీలుకు వెళ్లింది. ఆ అప్పీలును విచారణకు తీసుకోవడానికి ఢిల్లీ హైకోర్టు ఒప్పుకునేసరికి 2024 మార్చి వచ్చింది.

రాడియా ఈ కేసులో ఎప్పుడూ నిందితురాలు కారు. సీబీఐ తరఫు సాక్షిగా కోర్టులో నిలబడ్డారు. పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ముందు కూడా హాజరయ్యారు. 2011 అక్టోబరులో తన పీఆర్ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించారు. టేపుల్లోని విషయాలపై సుప్రీంకోర్టు ఆదేశంతో సీబీఐ 14 ప్రాథమిక విచారణలు జరిపింది. వాటిలో నేరం ఏదీ కనబడలేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది.

అంటే లైసెన్సుల పంపకం తప్పని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. తప్పు చేసిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. ఐదువేల ఎనిమిదివందల సంభాషణలు విన్నాక కూడా నేరం లేదు. నా స్నేహితులు కొందరు దీన్ని చూసి "అందరూ కుమ్మక్కయ్యారు" అంటారు. ఇంకొందరు "అసలు స్కామే లేదు, అంతా మీడియా సృష్టి" అంటారు. నేను ఈ రెండు మాటలతోనూ రాజీపడలేను. కోర్టు నిర్దోషి అన్నవారిని దొంగ అనడం అన్యాయం. అదే సమయంలో 'నేరం లేదు' అన్న మాటకు 'అంతా సవ్యంగా జరిగింది' అని అర్థం తీయడం మనల్ని మనం మోసం చేసుకోవడం. సీబీఐ వెతికింది నేరాన్ని. లాబీయింగ్ అనే పనికి మన చట్టంలో పేరే లేదు. పేరు లేని పనిలో హద్దు ఎవరు దాటారో ఎలా చెప్తారు?

చట్టం పూర్తిగా చేతులు ముడుచుకుని కూర్చుందని కూడా అనను. అవినీతి నిరోధక చట్టంలో మధ్యవర్తుల కోసం ఒక సెక్షను ఉంది. పాత చట్టంలో 8, 9 సెక్షన్లు, 2018 సవరణ తర్వాత 7ఏ. అవినీతి మార్గంలో గానీ, సొంత పలుకుబడి వాడి గానీ ప్రభుత్వోద్యోగి చేత పని చేయిస్తానని ప్రతిఫలం పుచ్చుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. నాన్న ఫైలు కదిలించిన మనిషిని దీని కింద పట్టుకోవచ్చు. కానీ ఏడాదికింత అని కాంట్రాక్టు రాసుకుని, బిల్లు వేసి, పన్ను కట్టి, 'కార్పొరేట్ కమ్యూనికేషన్స్' పేరుతో ఫీజు తీసుకునే సంస్థ దగ్గర ఈ సెక్షను ఏం చేస్తుంది? ఫీజు దేనికని అడిగితే సలహాకి అంటారు. సలహా ఎవరికి, ఏ ఫైలు మీద, ఎవరిని కలిశాక? ఆ ప్రశ్నకు జవాబు రాసి ఉన్న కాగితం దేశంలో ఎక్కడా లేదు. అందుకే ఆ జవాబు కోసం ఫోన్లు వినాల్సి వచ్చింది.

ఫోన్లు వినడం గురించి నాకు చాలా భయం ఉంది. టేపులు వింటున్నప్పుడు కుతూహలంతో పాటు ఒక సిగ్గు కూడా కలిగింది. కేసుతో సంబంధం లేని సొంత మాటలు, పలకరింపులు, ఎవరి ఆరోగ్యం గురించో కబుర్లు అందులో ఉన్నాయి. అవి వినే హక్కు నాకు లేదు. రతన్ టాటా 2010 నవంబరు చివర్లో సుప్రీంకోర్టుకు వెళ్లి తన గోప్యత హక్కు దెబ్బతిన్నదన్నప్పుడు చాలామంది వెటకారం చేశారు. నేను చేయలేకపోయాను. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చాక ఆ వాదనకు బలం ఇంకా పెరిగింది. పన్ను ఎగవేత అనుమానంతో మొదలైన ట్యాపింగ్‌లో మంత్రివర్గం ముచ్చట్లు దొరికాయి. ఎవరో వాటిని బయటికి వదిలారు. మనకు తెలిసిందంతా ఈ రెండు ప్రమాదాల పుణ్యం. రేపు ప్రభుత్వం ఫోన్లు వినడం నిజంగా మానేస్తే, ఇలాంటిది మనకు తెలిసే దారే లేదు. పౌరుడు తన ప్రభుత్వం గురించి తెలుసుకోవడానికి ఇంకొకరి గోప్యత బద్దలవ్వడమే ఏకైక మార్గం కాకూడదు.

2012 డిసెంబరులో ఇంకో ముచ్చట జరిగింది. వాల్‌మార్ట్ 2008 నుంచి లాబీయింగ్ మీద రెండున్నర కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిందని, ఆ అంశాల్లో భారత మార్కెట్లోకి ప్రవేశం కూడా ఉందని వార్త వచ్చింది. పార్లమెంటు అట్టుడికిపోయింది. ఈ వార్త ఎవరు బయటపెట్టారు? వాల్‌మార్టే. అమెరికాలో 1995 నాటి లాబీయింగ్ చట్టం ప్రకారం మూడు నెలలకోసారి ఆ లెక్కలు అక్కడి సెనేట్‌కి ఇవ్వాలి, ఎవరైనా చూసుకోవచ్చు. అమెరికా నాయకులతో మాట్లాడటానికి అయిన ఖర్చు అదని, భారతదేశంలో లంచాలు ఇవ్వలేదని కంపెనీ చెప్పింది. మన ప్రభుత్వం పంజాబ్-హర్యానా హైకోర్టు రిటైర్డ్ చీఫ్ జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో విచారణ వేయించింది. ఖచ్చితంగా ఏమీ తేలలేదు. ఎలా తేలుతుంది? మన వైపు పుస్తకం ఖాళీ. మన మార్కెట్ గురించి జరిగిన పైరవీ మనకు వాషింగ్టన్ పుస్తకంలో చదివితే తెలిసింది.

అమెరికాలో మాత్రం ఏం బాగుందని అడిగేవాళ్లు ఉంటారు, న్యాయమైన ప్రశ్నే. జాక్ అబ్రమాఫ్ అనే లాబీయిస్టు, అతని భాగస్వామి కలిసి కాసినోలు నడిపే ఆదివాసీ తెగల నుంచి ఎనిమిది కోట్ల డాలర్లకు పైగా గుంజారు. టెక్సస్‌లో ఒక తెగ కాసినోను మూయించే ప్రచారానికి వేరేవాళ్ల డబ్బుతో తెర వెనక పనిచేసి, అది మూతపడ్డాక అదే తెగ దగ్గరికి వెళ్లి తిరిగి తెరిపిస్తామని 42 లక్షల డాలర్లు తీసుకున్నారు. ఇంత దుర్మార్గం రిజిస్ట్రేషన్ చట్టం ఉన్న దేశంలోనే జరిగింది. రిజిస్టరు పెట్టినంత మాత్రాన దొంగలు పుట్టకుండా పోరు. కానీ ఆ తర్వాత ఏమైందో కూడా చూడాలి. సెనేట్ కమిటీ బహిరంగంగా విచారించింది. ఈమెయిళ్లు, బిల్లులు, లెక్కలు బయటికి తీసింది. 2006 జనవరిలో అబ్రమాఫ్ నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. స్కాట్లండ్ గోల్ఫ్ యాత్రలాంటి మర్యాదలు అందుకున్న ప్రతినిధుల సభ సభ్యుడు బాబ్ నేకి 30 నెలల శిక్ష పడింది. 2007లో చట్టం ఇంకా బిగించారు. 2020లో అబ్రమాఫ్ మళ్లీ దొరికాడు, ఈసారి లాబీయిస్టుగా పేరు నమోదు చేసుకోనందుకు కూడా. లంచం ఇచ్చాడని రుజువు చేయడం ఎంత కష్టమో 2జీ కేసు మనకు చూపించింది. పుస్తకంలో సంతకం పెట్టలేదని రుజువు చేయడం అంత కష్టం కాదు.

పైరవీకారులను మొత్తంగా నిషేధిస్తే పోలేదా అంటారు. ఆ ముచ్చటా తీరింది. 1986లో బోఫోర్స్ ఫిరంగులు కొన్నప్పుడు మధ్యవర్తులు ఉండకూడదన్నదే ప్రభుత్వం పెట్టిన షరతు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ ఒప్పందంలో ముడుపులు చేతులు మారాయని స్వీడన్ రేడియో చెప్పింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ కేసు ఎలా సాగిందో మీకు తెలుసు. వద్దన్న మనిషి వెళ్లిపోడు, పేరు మార్చుకుని దొడ్డిదారిన వస్తాడు.

నిజానికి మన దగ్గర పుస్తకాలు లేవని కాదు. 2014లో సీబీఐ డైరెక్టర్ రంజిత్ సిన్హా ఇంటి గేటు దగ్గర ఉండే సందర్శకుల రిజిస్టరు సుప్రీంకోర్టుకు చేరింది. ఆయన ఆధ్వర్యంలో దర్యాప్తు జరుగుతున్న 2జీ కేసుతో సంబంధం ఉన్నవాళ్ల పేర్లు అందులో ఉన్నాయని లాయరు ప్రశాంత్ భూషణ్ కోర్టు ముందు పెట్టారు. ఆరోపణలను సిన్హా కాదన్నారు. నవంబరు 20న, ఆయన రిటైర్మెంటుకు కొన్ని రోజుల ముందు, ఆ కేసు నుంచి తప్పుకోమని కోర్టు ఆదేశించింది. 5,800 టేపులు చేయలేని పని ఒక గేటు పుస్తకం చేసింది. అందులో పేరు, తేదీ, టైము ఉన్నాయి కాబట్టి. ఎవరి మాటలనూ దొంగచాటుగా వినాల్సిన పనిలేదు. వచ్చారా లేదా, అంతే. అదైనా కోర్టుకు ఎక్కింది ఎవరో తెగించి బయటికి తెచ్చారు కాబట్టే.

అదే 2014లో చిలీ దేశం ఒక చట్టం చేసింది. అక్కడ బరువు పైరవీకారు మీద కాదు, పదవిలో ఉన్నవారి మీద పెట్టారు. మంత్రి గానీ పెద్ద అధికారి గానీ ఎవరిని కలిశారు, ఆ వచ్చినవారు ఎవరి తరఫున వచ్చారు, ఏ విషయం మాట్లాడారు అన్నది రాసి ప్రజలకు కనబడేలా పెట్టాలి. యూరోపియన్ కమిషన్ కూడా ఆ ఏడాది చివరి నుంచి తన కమిషనర్ల సమావేశాల వివరాలు బయటపెడుతోంది. నాకు ఈ పద్ధతే నచ్చింది. లాబీయిస్టు ఎవరు, పీఆర్ సంస్థ ఎవరు, లాయరు ఎవరు, స్నేహితుడు ఎవరు అని నిర్వచనాలతో కుస్తీ పడక్కర్లేదు. గది ఎవరిదో వాళ్లే రాయాలి.

మనకు ఇది చేతకాదని నేననుకోను. ట్రాయ్ ఏదైనా విషయం మీద సిఫార్సు చేసేముందు చర్చా పత్రం వేస్తుంది. కంపెనీలు, సంఘాలు, మామూలు మనుషులు పంపిన అభిప్రాయాలన్నీ తన వెబ్‌సైటులో పెడుతుంది. ఏ కంపెనీ ఏం అడిగిందో నేను ఇంట్లో కూర్చుని చదవగలను. అది కూడా పైరవీయే, వీధి గుమ్మంలోంచి చేసే పైరవీ. 2జీలో కూడా ట్రాయ్ సిఫార్సులు 2007 ఆగస్టులో అందరికీ తెలిసేలాగే వచ్చాయి. ఆ తర్వాత ఫైలు మంత్రి గదిలోకి వెళ్లింది. అక్కడి నుంచి 2008 జనవరి 10 దాకా ఆ గదికి ఎవరెవరు వచ్చారో చెప్పే కాగితం ఒక్కటి ప్రజల చేతిలో ఉండి ఉంటే, జడ్జి సైనీ ఏడేళ్లు అలా ఎదురుచూడాల్సి వచ్చేది కాదేమో. నిర్దోషులైనవారు కూడా ఏడేళ్లు ఆ నింద మోయాల్సి వచ్చేది కాదు. రాజా పదిహేను నెలలు జైల్లో ఉన్నారు. ఆయన నిర్దోషే అయితే, ఆ కాగితం లేకపోవడం వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఆయనే.

2013లో కాళికేశ్ సింగ్ దేవ్ అనే బీజేడీ ఎంపీ లాబీయింగ్ వివరాలు వెల్లడించాలని లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. మరుసటి ఏడాది ఆ లోక్‌సభతో పాటే అది మురిగిపోయింది. ఏ పెద్ద పార్టీ దాన్ని నెత్తికెత్తుకోలేదు. 2జీ మీద అరిచి ఓట్లు తెచ్చుకున్నవాళ్లూ ఎత్తుకోలేదు, 2జీలో మాకు అన్యాయం జరిగిందన్నవాళ్లూ ఎత్తుకోలేదు.

నేను అడిగేది పెద్ద పుస్తకం కూడా కాదు. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ మంత్రి, కార్యదర్శి, నియంత్రణ సంస్థ చైర్మన్, ఈ మూడు గదులకు చాలు. ఇంటి దగ్గర కలిసినా, హోటల్లో కలిసినా, ఫోన్లో మాట్లాడినా రాయాలి. ఎవరు వచ్చారు, ఎవరి తరఫున వచ్చారు, వాళ్లకు ఫీజు ఎవరిస్తున్నారు, ఏ ఫైలు గురించి. నెల తిరక్కుండా వెబ్‌సైటులో పెట్టాలి. రాయకుండా కలిస్తే అదే నేరం కావాలి. 'ఏం పని' అన్న గడి మాత్రం కొంచెం పెద్దదిగా ఉండాలి. మా నాన్నకు అందులో చోటు చాలేది కాదు.